మీటరు జాగా

మా డిజైన్ ఆఫీసులో ఆమెను అందరూ జాగా వదిన అంటారు. పంపులింకా కొని కూడా ఉండరు, ఏ కంపెనీవి వస్తాయో దేవుడికే తెలియాలి. అయినా గోడలు కట్టే సివిల్ వాళ్ళు మాత్రం పంపుల గది ఎంత ఉండాలో ఇప్పుడే చెప్పమని నెత్తిమీద కూర్చుంటారు. నీళ్ళెన్ని తోడాలో చూసి, పాత ప్లాంట్లలో అలాంటి పంపులు ఎంత చోటు తిన్నాయో చూసి, ఆ అంచనా కట్టేది వదినే. పంపుకు ఎంత చోటిస్తుందో, దాన్ని విప్పే మనిషికీ అంతే ఇస్తుంది. గొడవలన్నీ అక్కడే.

ఆ రోజు గోడలు ఖాయం చేసే మీటింగు. పెద్దసారు పెన్సిలు తీసి, పంపుల గదిలోంచి ఒక మీటరు కోసి పక్కనున్న కరెంటు ప్యానెళ్ళ గదిలో కలిపేశాడు. వదిన ముఖం కందగడ్డయింది.

"పంపు సైజే తెలీదు కదమ్మా, ఏ ధైర్యంతో ఇంత జాగా అడుగుతున్నావు?"

"పంపు ఎంతుంటుందో తెలీదు సార్. మనిషి ఎంతుంటాడో తెలుసు కదా!"

ఆ మనిషెవరో నాకు తెలుసు. వదిన భర్త మా కంపెనీలోనే ఫిట్టరు. నేను అన్నయ్యా అని పిలుస్తాను. ఈ పంపుల గది వచ్చే కొత్త ప్లాంటుకు పనికి వెళ్ళాల్సింది ఆయనే. అంతకుముందు ఒక ఇరుకు గదిలో మోటారు లాగుతూ కుడిభుజం చెడగొట్టుకున్నాడు. చెయ్యి లేవని ఫిట్టర్ని ఎవరు ఉంచుకుంటారు? అందుకే ఆ సంగతి దాచాడు. వాళ్ళిద్దరూ కాక ఇంకెవరికైనా తెలుసంటే నాకే.

"కింద మీ ఆయనున్నాడుగా, ఆయన్నే అడుగుదాం" అన్నాడు పెద్దసారు.

అన్నయ్య వచ్చాడు. పెద్దసారు గీత ప్రకారం పంపు పక్కన మిగిలే సందు ఎంతో, అంతే ఉండేలా బల్లను గోడ దగ్గరికి జరిపి, ఆ సందులో ఆయన్ని నిలబెట్టారు.

"ఏమయ్యా, ఇందులో మోటారు విప్పగలవా?"

"విప్పేస్తాం సార్. సర్దుకుంటాం."

ఫిట్టర్లకున్న రోగమే ఇది. పైవాడు అడిగితే చాలు, ఎలుక కన్నంలోనైనా సర్దుకుంటామంటారు. నాకు ఒళ్ళు మండింది.

పెద్దసారు నవ్వుతూ పెన్సిలు అందుకున్నాడు. వదిన నోరు తెరిచింది. ఒక్క మాట చెబితే మీటరు దక్కుతుంది, కానీ మొగుడి పని పోతుంది. ఆ మాట మింగేసింది. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు.

అన్నయ్య అది చూశాడు. కుడిచెయ్యి పైకెత్తబోయాడు. సగంలోనే ఆగిపోయింది.

"ఇంతకంటే లేవదు సార్. ఇలాంటి సందులోనే పోయింది. చెబితే తీసేస్తారని దాచాను." చెయ్యి దించి అన్నాడు, "సర్దుకోలేం సార్."

పెద్దసారు తన గీతను తనే చెరిపేశాడు.

గది వదిన అడిగినంతే కట్టారు. అన్నయ్యను మాత్రం అక్కడికి పంపలేదు. స్టోర్లో కూర్చోబెట్టి, అడిగినవాళ్ళకు బోల్టులు అందించే పని అప్పగించారు. ఆయనకా పని చస్తే గిట్టదు.

మొన్న వదినా నేనూ ఆ గది చూడ్డానికి వెళ్ళాం. ఎవరో ఇద్దరు ఫిట్టర్లు మోటారు బయటికి లాగి, దాని చుట్టూ తిరుగుతూ తీరిగ్గా విప్పుతున్నారు.

"అన్నయ్య కోసం కొట్లాడావు. చివరికి ఎవరికో దక్కింది కదా వదినా!"

"వాళ్ళూ ఎవరో ఒకరి మొగుళ్ళేగా" అంది వదిన, కొలత టేపు చుట్టుకుంటూ.