టిఫిన్ డబ్బా బరువు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చిట్యాలలో నేను కిరాయికి ఉంటున్న గది వెనక ఒక జూనియర్ కాలేజీ హాస్టల్ ఉంది. తెల్లవారకముందే పిల్లలు అక్కడ వరుసగా కూర్చుని ఇంగ్లిష్ జవాబులు బట్టీ పడతారు. హైవే మీద లారీల మోత తగ్గినప్పుడల్లా వాళ్ల గొంతులు నా కిటికీలోంచి లోపలికి వస్తాయి. ఒక జవాబు దగ్గర మాత్రం నేను పొయ్యి మీద చాయ్ వదిలేసి నిలబడిపోతాను. "హీ వెప్ట్ బిట్టర్లీ" అని అందరూ ఒకే రాగంలో అంటారు. ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడట. నేను కిటికీ వైపు తిరిగి "ఏడవలేదు" అంటాను. పైకే అంటాను. వాళ్లు మళ్లీ అంటారు, నేనూ మళ్లీ అంటాను. ఆఫీసులో ఎవరైనా కాస్త గట్టిగా పలకరిస్తే తల దించుకునే మనిషిని, పొద్దున్నే ఇలా కనబడని పిల్లలతో కొట్లాడతానంటే ఎవరు నమ్ముతారు? కోపం ఆ పిల్లల మీద కాదు. వాళ్ల చేతికి పుస్తకం బదులు గైడు ఇచ్చినవాళ్ల మీద.

నేను నారాయణపేటలో ఇంటర్ రెండో సంవత్సరం చదివేటప్పుడు మాకూ అదే పాఠం ఉండేది. రైల్లో టికెట్లు తనిఖీ చేసే ఒకాయన కథ. టికెట్ లేకుండా ఎక్కిన తన కూతుర్నే ఆయన తర్వాతి స్టేషన్‌లో దించేస్తాడు. ఇంగ్లిష్ చెప్పడానికి సుగుణ మేడం పాలమూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఆమె ఉద్యోగం పర్మినెంటు కాదు, కోపం మాత్రం పర్మినెంటు అని మేం గుసగుసలాడుకునేవాళ్లం. మొదటి రోజే మా బెంచీల మీద గైడ్లు చూసి, "గిదేంది? అన్నం తినకుంటనే మూతి తుడుసుకుంటున్రా?" అన్నారు. గైడ్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు.

పాఠం చదవడానికి ఆమెకు ఒక పద్ధతి ఉండేది. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకూడదు, డిక్షనరీ తెరవకూడదు, అర్థం కాకపోయినా ఎక్కడా ఆగకుండా చివరిదాకా పోవాలి. రెండోసారి, తట్టుకున్న చోట ఒక చుక్క పెట్టాలి. అంతే. ఇంగ్లిష్ మాటల నెత్తిన తెలుగు అర్థాలు రాస్తే ఊరుకునేవారు కాదు. "మాట మీద మాట పెడితె కిందిది ఊపిరాడక సస్తది" అనేవారు. ఆ తర్వాత పుస్తకం మూసి, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో ఎవరికైనా కథ చెప్పాలి. విన్నవాళ్లు ఏం అడుగుతారో అదే అసలు ప్రశ్న. దానికి జవాబు మళ్లీ పాఠంలోకి పోయి వెతకాలి. ఎవరైనా "ఆయన చాలా మంచోడు మేడం" అంటే చాలు, "ఏ లైనుల ఉన్నడు మంచోడు? వేలు పెట్టి చూపియ్యి" అనేవారు.

నా వంతు వచ్చిన రోజు లేచి నిలబడ్డాను కానీ నోరు పెగల్లేదు. "ఏం జమునా, గొంతు ఇంట్ల మరిచొచ్చినవా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు ఆమె మీద వచ్చిన కోపంతో డైరీలో రెండు పేజీలు నింపాను. అయితే గంట కొట్టాక ఆమే నా బెంచీ దగ్గరికి వచ్చి, "నాకు చెప్పకు తియ్యి. ఇంట్ల ఎవరుంటరు నీకు?" అని అడిగారు. అవ్వ ఉంటుందన్నాను. "అయితే గామెకు చెప్పు."

మా అవ్వ సాయంత్రాలు రాట్నం ముందు కూర్చుని చీరల నూలు కండెలకు చుట్టేది. లోపల బాపు మగ్గం చప్పుడు. నేను పుస్తకం మూసి కథ చెప్పాను. అవ్వ రాట్నం ఆపలేదు. అంతా అయ్యాక, "గా దినం అన్నం తిన్నడా వాడు?" అంది.

"గది పాఠంల లేదవ్వా."

"లేకేం? సరిగ సూడు. బిడ్డను దింపినోనికి బుక్క దిగుతదా?"

"ఏడ్చిండని గైడుల ఉందట."

"ఏడ్సుడు సంగతి నేనడిగిన్నా? తిన్నడా అంటున్న."

విసుగ్గానే పుస్తకం మళ్లీ తెరిచాను. చివరి పేరాలో, నేను చుక్క కూడా పెట్టకుండా దాటిపోయిన వాక్యం దొరికింది. ఆయన సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే చేతిలో టిఫిన్ డబ్బా పొద్దున ఎంత బరువుగా ఉందో అంతే బరువుగా ఉంది. ఏడ్చినట్టు పాఠంలో ఎక్కడా లేదు. మరుసటి రోజు మేడం ముందు పుస్తకం పెట్టి ఆ వాక్యం మీద వేలు పెట్టాను. ఆమె దాన్ని పైకి చదివారు. "ఇన్నేండ్ల సంది చెప్తున్న, నాకు గూడ కండ్ల పడలే" అన్నారు. ఆమె గొంతులో కోపం లేకుండా విన్నది అదే మొదటిసారి.

ప్రీఫైనల్ పరీక్షలో ఆయన దుఃఖం గురించి ప్రశ్న వచ్చింది. ఆయన ఏడవలేదని, డబ్బా తెరవలేదని రాశాను. పేపర్లు ప్రిన్సిపాల్ సార్ ఇచ్చిన జవాబుల కీ ప్రకారం వేరేవాళ్లు దిద్దారు. నా జవాబు మీద ఆ మూల నుంచి ఈ మూలకు ఎర్రగీత, కింద సున్నా. మేడం ఆ పేపరును, నన్నూ వెంటబెట్టుకుని సార్ గదికి వెళ్లారు. నేను మాట్లాడలేక పుస్తకం తెరిచి వాక్యం మీద వేలు పెట్టాను. సార్ పుస్తకం మూసేశారు. నా వేలు ఇంకా లోపలే ఉంది.

"పుస్తకం ఎవడు చూస్తడమ్మా? దిద్దేటోడు కీ చూస్తడు."

"పాఠం మీరు చదివిన్రా సార్?" అన్నారు మేడం.

"నాది మ్యాథ్స్. నాకేం పని?"

"చదవకుంట కీ ఎట్ల తయారైంది?"

"గైడుల నుంచి దించిన. గిట్ల సొంతంగ రాస్తె బోర్డు పరీక్షల మార్కు పోతది. మార్కు పోతె చౌరస్తా ఫ్లెక్సీ మీద పిల్లల ఫోటో పోతది. రేపట్నుంచి గైడు చెప్పున్రి, లేకుంటె రాకున్రి."

"ఏడ్వనోన్ని ఏడ్చిండని నేను చెప్పను సార్" అన్నారు మేడం. అంతే. ఆమె బీరువా తాళంచెవి టేబుల్ మీద పెట్టి బయటికి నడిచారు. ఆ పూటే గైడ్లు మా బెంచీల మీదికి తిరిగొచ్చాయి. ఒక మనిషి బువ్వ తీయడానికి గైడులోని ఒక అబద్ధపు వాక్యం సరిపోయింది.

బోర్డు పరీక్షలో మళ్లీ అదే ప్రశ్న రాలేదు. వచ్చిన పాఠం గురించి నేను వేలు పెట్టి చూపించగలిగిందే రాశాను. గైడు వాక్యం ఒక్కటి కూడా రాయలేదు. పాసయ్యాను, ఫ్లెక్సీ మీదికి ఎక్కలేదు. ఈ రోజుకీ ఏ పుస్తకమైనా మొదట పెన్సిల్ లేకుండా చదువుతాను, తర్వాత చుక్కలు పెడతాను, ఆ తర్వాత మూసి, గోడకైనా సరే, మా మాటల్లో చెప్తాను. ఆఫీసులో ఎవరైనా మరొకరి గురించి తేలిగ్గా ఏదో అనేస్తే నా వేలు దానంతటదే కదులుతుంది, ఏ లైనులో ఉందో చూపించమని అడగడానికి. అడగడం మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు.

మేడం వెళ్లిపోయిన ఆ సాయంత్రం నేను ఇంటికి పోకుండా బస్టాండుకు పోయాను. పాలమూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఏం చెప్పాలో తెలియక, "తర్వాతి పాఠం చదివిన మేడం" అన్నాను.

"చదివితె? పుస్తకం మూసి చెప్పు."

మూశాను. చుట్టూ జనం, పల్లీలు అమ్మేవాళ్లు, కాలేజీ పిల్లలు. దించిన తల ఎత్తకుండానే కథ మొదలుపెట్టాను. డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు. మేడం కిటికీలోంచి బయటికి వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అన్నారు.

"గట్టిగ చెప్పు జమునా, ఇనొస్తలేదు."