చెల్లోతో బిలాస్‌పూర్‌కి

విజయనగరంలో ముప్ఫై అయిదేళ్ళుగా వయొలిన్లూ వీణలూ బాగుచేస్తున్నాను. పని అయ్యాక ఎవరి వాయిద్యం వాళ్ళే వచ్చి పట్టుకెళతారు. నేను స్వయంగా మోసుకెళ్ళి అప్పగించింది ఒక్క చెల్లోనే. వయొలిన్‌కి పెద్దన్నలాంటి వాయిద్యం అది. కుర్చీలో కూచుని, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయిస్తారు.

అది ఝాన్సీ అనే అమ్మాయిది. బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో గుమాస్తా. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన ఒక వయొలా, ఈ చెల్లోతో నలుగురి బృందం వాళ్ళది. బతికున్నవాళ్ళు కొత్తగా రాసిన సంగీతం తప్ప మరొకటి వాయించరు. ఎండలకి చెల్లో పైపలక జానెడు మేర చీలిపోతే నా దగ్గరికి పంపారు. పలక ఊడదీసి, సరేసు కాచి అతికించి, లోపల చిన్న చెక్కముక్కలు ఊతం పెట్టాను. ఇంతా చేసి పార్సిల్లో వెయ్యడానికి మనసొప్పలేదు.

రాత్రి తొమ్మిది దాటాక కోర్బా వెళ్ళే బండి ఎక్కాను. పెద్ద వాయిద్యంతో వెళ్ళేవాళ్ళు సైడ్ లోయర్ బెర్తు అడగండి. పెట్టెని దానిమీద పడుకోబెట్టి నేను కాళ్ళవైపు కూచున్నాను. టీటీ వచ్చి, "టికెట్ మీదా, దీనిదా?" అన్నాడు. ఇద్దరిదీ అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు. తెల్లవారాక, రాయ్‌పూర్‌లో దిగబోతున్న ఒక బ్యాంకు ఉద్యోగిని నా అవస్థ చూసి, "మీరు వెళ్ళి మొహం కడుక్కురండి, దాన్ని నేను చూస్తుంటాను" అంది.

తొమ్మిదిన్నరకి బిలాస్‌పూర్‌లో దిగాను. ఝాన్సీ తండ్రి సింహాచలంగారు ఎదురొచ్చారు. గార్డుగా చేసి రిటైరయిన మనిషి.

"ఒచ్చీసేరా మాస్టారూ. దానికేటీ అవలేదు కదా?" అన్నారు, పెట్టె తడుముతూ.

ఆటోలో నెహ్రూ నగర్‌లోని వాళ్ళింటికి చేరి, అటుకుల పోహా, జిలేబీ తిన్నాం. నా బస కూడా అక్కడే.

"నాకైతే ఆ వాయింపు ఒక్క ముక్క తెలీదండి" అన్నారాయన. "డ్యూటీ నుంచొచ్చి రోజూ రెండు గంటలు కూకుంటాది. పాటేదమ్మా అంటే, ఇదే పాట నాన్నా అంటాది."

పదకొండు గంటలకి మిగతా ముగ్గురూ వచ్చారు. మొదటి వయొలిన్ నరేష్, స్కూల్లో సంగీతం మాస్టారు, బృందానికి పెద్ద అతనే. రెండో వయొలిన్ రేఖ, మస్తూరీ దగ్గర రైతుల పిల్ల, తెలుగు రాదు. ఆ సాయంత్రం వాయించబోయే రచన ఆమెదే. వయొలా దినేశ్ లోకో షెడ్డులో నైట్ డ్యూటీ దిగి, కళ్ళు ఎర్రగా ఉండగానే శ్రుతి చేసుకుంటున్నాడు.

సాధన మధ్యలో ఝాన్సీ కమాను ఆపింది.

"మాస్టారూ, ఇక్కడ అరచేత్తో చెల్లో మీద కొట్టాలి. మతలబ్, గట్టిగానే. మూడుసార్లు. కొట్టొచ్చా?"

ఆమె చెయ్యి పెట్టిన చోటు నేను అతికించిన చీలికకి బెత్తెడు దూరంలో ఉంది. ఆ మాట ముందే తెలిస్తే ఇంకో రెండు ఊతాలు పెట్టి ఉండేవాణ్ణి.

"కూడదంటే చెప్పండి సార్, ఆ దెబ్బలు తీసేస్తాను" అని రేఖ హిందీలో అంటూ, కాగితం మీదకి పెన్సిల్ తీసుకుంది. ఆ దెబ్బల కోసమే పాటంతా నడుస్తోందని అప్పటికే నాకు తెలిసింది. వద్దంటే నా పని భద్రం, ఆమె పని పాడు. వంగి, చెవి ఆనించి, వేలి కణుపుతో పలకంతా తట్టి విన్నాను. ఎక్కడా జీర లేదు.

"పెన్సిల్ పక్కన పెట్టమను. కొట్టమ్మా" అన్నాను.

అయిదు గంటలకి రైల్వే కాలనీలోని ఒక హాల్లో కచేరీ. అరవైమంది దాకా వచ్చారు. రేఖ రచన మొదలయింది. నాలుగు కమానులూ తీగల్ని సర్‌మని రాస్తున్నాయి తప్ప స్వరం నిలవదు. జనం కుర్చీల్లో కదిలారు. మూడు దెబ్బలూ పడ్డాయి, చెల్లో నిలిచింది. పాట అయ్యాక వెనకనుంచి ఎవరో సినిమా పాట వాయించమన్నారు. పదిమంది లేచి వెళ్ళిపోయారు.

నరేష్ లేచి నిలబడ్డాడు. "ఇది ఇదివరకు ఎవరూ వినలేదు. అందుకని మళ్ళీ మొదట్నుంచి వాయిస్తాం" అని హిందీలో చెప్పి, కూచున్నాడు. నలుగురి మొహాల్లోనూ కోపం లేదు, బతిమాలడమూ లేదు.

రెండోసారి హాలు నిశ్శబ్దమయింది. ఈసారి ఝాన్సీ మరింత గట్టిగా కొట్టింది. మూడో దెబ్బకి సింహాచలంగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"చాట మాస్టారూ. బియ్యం సెరిగి, చివర్న చాట మీద తడతారు, అదీ. మా అమ్మ అచ్చం ఇలగే తట్టీది."

ఆయన కళ్ళు తుడుచుకోవడం స్టేజీ మీదనుంచి ఝాన్సీ చూసింది. కచేరీ అయ్యాక రేఖని అడిగితే, "అవును, అది మా అమ్మ చాటే. ముందే చెబితే వినరు, వెతుకుతారు" అంది. నేను టార్చి వేసి పలకంతా చూశాను. కొత్త గీత ఒక్కటీ లేదు. ఝాన్సీ నా చేతులు రెండూ కళ్ళకద్దుకుంది.

మర్నాడు సాయంత్రం తిరుగుబండి ఎక్కాను. బిలాస్‌పూర్ వెళితే ఆ నలుగురి కచేరీ ఎప్పుడో కనుక్కోండి, ఒక్కసారి విని లేచి వచ్చెయ్యకండి. ఇన్నాళ్ళూ పాత పాటలు మళ్ళీ పలకడానికే వాయిద్యాలు బాగుచేశాను. అంతవరకూ లోకంలో లేని పాట నా చేతిపని మీద నిలబడటం ఇదే మొదలు. ఎదుటి సీటాయన, "ఏం చేస్తుంటారు?" అని అడిగాడు. మామూలుగా అయితే రిపేర్లు అంటాను.

"సంగీతంలో ఉన్నానండి" అన్నాను.