చిరునామా లేని ఫాల్ట్

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళు ఉండగా, ఒక ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను మాదాపూర్ ఆఫీసులో కొత్త ప్రాసెసర్ల బృందానికి ప్రిన్సిపల్ ఇంజనీరుగా వేశారు. మా కంపెనీ తయారుచేసేది హైపర్‌వైజర్. ఒకే పెద్ద సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లను నడుపుతూ, ప్రతి ఒక్కదానికీ ఆ సర్వర్ తనదొక్కదానిదే అన్న నమ్మకం కలిగించే సాఫ్ట్‌వేర్ అది. ప్రిన్సిపల్ ఇంజనీరు హోదా డైరెక్టరుతో సమానమని కాగితం మీద ఉంటుంది. ఆచరణలో డైరెక్టరుకు దుర్గం చెరువు కనిపించే గది, ప్రిన్సిపల్‌కు ప్రింటర్ పక్కన సీటు. కోడ్ చెడితే పిలుపు ప్రిన్సిపల్‌కు వస్తుంది, బాగుంటే స్లైడ్ మీద పేరు డైరెక్టరుది పడుతుంది.

మా డైరెక్టరు చక్రధర్. గుంటూరు వైపు మనిషి, పుప్పాలగూడలో ఎత్తైన టవర్‌లో కాపురం. మాట మర్యాదగా ఉంటుంది, ప్రతి వాక్యం చివర 'అండి' ఉంటుంది. అయితే ఆ 'అండి'కి ముందు ఏముందో వెతుక్కోవాలి. పూర్వాశ్రమంలో అతనూ కోడ్ రాశాడని అంటారు. నేను చూడలేదు.

నాకు అప్పగించిన పని గురించి కొంత చెప్పాలి. ప్రాసెసర్ ఒక ప్రోగ్రామును నడుపుతుండగా మధ్యలో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. కీబోర్డు నొక్కుతారు, నెట్‌వర్క్ నుంచి డేటా వస్తుంది, ప్రోగ్రాము అడిగిన పేజీ, అంటే డేటా ముక్క, మెమరీలో ఉండదు. వీటిని ఈవెంట్లు అంటాం. చివరిదాన్ని ఫాల్ట్ అంటాం. ఈవెంట్ వచ్చినప్పుడు ప్రాసెసర్ చేతిలో పని ఆపి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలిచి, ఏం జరిగిందో దానికి చెప్పాలి. ఈ చెప్పే పద్ధతి దశాబ్దాలుగా ఒకటే, దాని మీద అతుకుల మీద అతుకులు వేస్తూ వచ్చారు. కొత్త ప్రాసెసర్లలో దాన్ని మొత్తం మార్చేశారు. కొత్త పద్ధతిలో ఈవెంట్ తన వివరాలన్నీ వెంట తెచ్చుకుంటుంది. ఫాల్ట్ అయితే, ఏ చిరునామా దగ్గర మెమరీ దొరకలేదో ఆ చిరునామా కూడా దానితోనే వస్తుంది. శుభ్రమైన పద్ధతి. చాలా కాలానికి ఒక హార్డ్‌వేర్ డిజైను చూసి గౌరవం కలిగింది.

మా పని ఈ కొత్త పద్ధతిని వర్చువల్ మెషీన్లకు కూడా అందించడం. ఇందులో చివరి మెట్టు చాలా చిన్నది. ప్రాసెసర్‌లో ఏయే సదుపాయాలు ఉన్నాయో వర్చువల్ మెషీన్ అడిగినప్పుడు చూపించే జాబితాలో ఒక బిట్‌ను సున్నా నుంచి ఒకటికి మార్చాలి. దానికి ముందున్న మెట్లన్నీ పెద్దవి. దురదృష్టం ఏమిటంటే చక్రధర్‌కు చివరి మెట్టు ఒక్కటే అర్థమైంది.

"ఒక బిట్టే కదండీ మేడమ్. ఆన్ చేసేస్తే సపోర్ట్ ఉన్నట్టే కదా?" అన్నాడు మొదటి సమావేశంలోనే.

చేతిలో ఉన్న టీ పూర్తయ్యేదాకా వివరించాను. అతను శ్రద్ధగా తల ఊపాడు. మరుసటి వారం అందరూ కూర్చునే టౌన్‌హాల్‌లో స్లైడ్ వేశాడు. మా పని పేరు ఎదురుగా ఆకుపచ్చ టిక్కు. అప్పటికి మేము ఆ ప్రాసెసర్ ఉన్న యంత్రాన్ని పెట్టెలోంచి కూడా తీయలేదు.

అసలు కోడ్ రాసినవాళ్ళలో ముఖ్యుడు నరేందర్. పుట్టి పెరిగింది ఖాజాగూడ. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లలు, ఫ్లాటు లోను. లైవ్ మైగ్రేషన్ భాగం అతనిది. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను ఆపకుండా ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు తరలించడాన్ని అలా అంటారు. లోపల నడుస్తున్న ప్రోగ్రాములకు తాము ఇల్లు మారామన్న సంగతి తెలియకూడదు. మా కంపెనీలో ప్రతి భాగానికీ ఒక యజమాని ఉంటాడు. అతను రివ్యూలో ఆమోదం తెలిపితేనే ఆ భాగం కస్టమర్‌కు వెళ్ళాలన్నది నియమం.

వేసవి చివర్లో నరేందర్ నా సీటు దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడమ్, గిది మంచిగ లేదు. మైగ్రేషన్ల ఫాల్ట్ పోతున్నది గని, దాని అడ్రస్ పోతలేదు."

అతను కనిపెట్టింది ఇదీ. వర్చువల్ మెషీన్‌లో ఫాల్ట్ వచ్చింది, ప్రాసెసర్ దాన్ని అందించబోయింది. అందించాలంటే దాని వివరాలను మెమరీలో ఒకచోట రాయాలి. సర్వర్‌లో మెమరీ ఇరుకుగా ఉంటే ఆ చోటును హైపర్‌వైజర్ అప్పటికే డిస్కుకు పంపేసి ఉండవచ్చు. అప్పుడు ఫాల్ట్ అందకుండా సగంలోనే ఆగిపోతుంది. హైపర్‌వైజర్ ఆ చోటును వెనక్కి తెచ్చి, ఫాల్ట్‌ను మళ్ళీ అందిస్తుంది. ఇంతవరకు మా కోడ్ సరిగానే చేసేది. కానీ సరిగ్గా ఆ మధ్యలోనే మెషీన్‌ను వేరే సర్వర్‌కు తరలిస్తే, ఫాల్ట్ అందాల్సి ఉందన్న సంగతి వెళ్ళేది, దానితో రావలసిన చిరునామా వెళ్ళేది కాదు. ఆ సమాచారం మోసుకెళ్ళే ఏర్పాటులో పాత పద్ధతికి సరిపడా గదులే ఉన్నాయి, చిరునామాకు గది లేదు. అవతల సర్వర్ ఆ ఖాళీలో సున్నా పెట్టేది. సున్నా చిరునామాను తాకిన ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ ఏ ప్రశ్నా అడగకుండా చంపేస్తుంది. అంటే ఏ తప్పూ చేయని ప్రోగ్రాము చచ్చిపోతుంది. ఎందుకు చచ్చిందో ఎవరికీ అంతుపట్టదు.

చక్రధర్‌కు ఇద్దరం కలిసి చెప్పాం.

"ఎంత తరచుగా జరుగుతుందండీ?"

"చాలా అరుదు. కానీ జరిగితే డేటాబేస్ పోతుంది," అన్నాను.

"అరుదే కదండీ. తెలిసిన సమస్యల కింద ఒక లైను రాసేద్దాం. కస్టమర్ ప్రివ్యూ దగ్గర పడింది. నరేందర్, మీరు అప్రూవ్ చేసేయండి."

"ఎట్ల చేస్త సార్? నా పేరు మీద పోతది. రేపు ఎవరిదో సిస్టం కూలితే నేనే కదా జవాబు చెప్పేది. బిట్ బంద్ పెట్టి ఇద్దాం. ఎవరికీ పరేషాన్ ఉండదు."

చక్రధర్ నవ్వాడు. ఆ నవ్వు కంపెనీ నాయకత్వ శిక్షణలో నేర్పేదే అనుకుంటాను, కళ్ళదాకా రాదు. ఆ సాయంత్రమే నాకు వచ్చిన మెయిల్లో నరేందర్‌ను 'బ్లాకర్' అని రాశాడు. మా వృత్తిలో ఆ మాటకు అసలు అర్థం పని ముందుకు సాగనివ్వని లోపం. లోపాన్ని ఉత్పత్తిలో వదిలేసి, దాన్ని చూపించిన మనిషికి ఆ పేరు పెట్టడానికి డైరెక్టరు స్థాయి కావాలి. ఈసారి రేటింగుల్లో ఇలాంటి వైఖరిని 'గుర్తించాలి' అని కూడా రాశాడు. రేటింగు పడిపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. మూడు నెలల మెరుగుదల ప్రణాళిక, ఆ తరవాత ఉద్యోగం పోయిందని చెప్పే హెచ్ఆర్ గదిలో టిష్యూ పెట్టె.

బిట్‌ను మూసి ఉంచే సెట్టింగును నేనే కోడ్‌లో పెట్టించాను. ఎందుకు పెట్టానో చక్రధర్‌కూ, అతని పై వైస్ ప్రెసిడెంటుకూ మెయిల్ రాశాను. వైస్ ప్రెసిడెంటు బొటనవేలు బొమ్మ పంపాడు. చదివాననా, ఒప్పుకున్నాననా, నన్ను వదిలెయ్యమనా, ఆ బొమ్మలో ఉండదు. బహుశా అందుకే పై స్థాయిలో దానికంత ఆదరణ.

విడుదలకు ముందు కస్టమర్‌కు చూపించే ఆ ప్రివ్యూకు వచ్చింది ఒక ఆరోగ్య బీమా కంపెనీ. ఆస్పత్రుల్లో నగదు లేకుండా వైద్యానికి ఇచ్చే అనుమతులన్నీ వాళ్ళ సర్వర్ల మీదే నడుస్తాయి. ఆ డేటాబేస్ పడిపోతే ఎక్కడో ఒక ఆస్పత్రి కౌంటర్ దగ్గర ఆపరేషన్‌కు సిద్ధం చేసిన రోగి ఆగిపోతాడు. వాళ్ళ తరఫున ముఖ్య ఇంజనీరు పద్మజ, రాజమండ్రి అమ్మాయి. తక్కువ మాట్లాడుతుంది, లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని కూర్చుంటుంది. అలాంటివాళ్ళంటే నాకు గౌరవం, చక్రధర్‌కు అసౌకర్యం.

నరేందర్‌ను ఆ గదిలోకి పిలవలేదు. 'సానుకూల వాతావరణం' కోసమట. చక్రధర్ అరగంట స్లైడ్లు చూపించాడు. భవిష్యత్తు, ప్రయాణం, భాగస్వామ్యం వంటి మాటలు దొర్లాయి. ప్రాసెసర్ అన్న మాట ఒకసారి వచ్చింది. తరవాత డెమో మొదలైంది. పరీక్షకు తెచ్చిన డేటాబేస్ నడుస్తున్న మెషీన్ తెర మీదికి రాగానే సదుపాయాల జాబితా కనిపించింది. బిట్ ఒకటిగా ఉంది. ప్రివ్యూ కోసం కోడ్‌ను కూర్చి తయారుచేసిన బిల్డ్‌లో నా సెట్టింగును చక్రధర్ ఎవరితోనో తీయించేశాడు.

నేను చక్రధర్ వైపు వంగి, తరలింపు చూపించవద్దని నెమ్మదిగా చెప్పాను. "మేడమ్, పర్లేదండి," అని పక్కకు తిరిగాడు. మెషీన్ ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి నున్నగా జరిగిపోయింది. అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

పద్మజ తల ఎత్తింది. "బాగుందండి. మా సర్వర్లలో మెమరీ ఎప్పుడూ ఇరుకుగానే ఉంటుంది. అలా ఇరుకు చేసి, అటూ ఇటూ వరసగా తరలించి చూపిస్తారా అండీ?"

అంతకన్నా కచ్చితంగా ఆ లోపాన్ని తట్టి లేపే పరీక్ష నేనూ రాయలేను. ఆమెకు ఆ లోపం సంగతి తెలియదు, తన ఇల్లు ఎలా ఉంటుందో తెలుసంతే.

"తప్పకుండా అండి!" అన్నాడు చక్రధర్.

మెషీన్ అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. కొంతసేపు ఏమీ కాలేదు. చక్రధర్ కాఫీ తెప్పించమని చెబుతుండగా తెర మీద డేటాబేస్ కిటికీ మాయమైంది.

"నెట్‌వర్క్ గ్లిచ్ అండి. ఈ బిల్డింగులో వైఫై కొంచెం..."

ఏం జరిగిందో మెషీన్ రాసుకునే లాగ్‌ను పద్మజ చదువుతోంది. "నెట్‌వర్క్ పోతే ప్రోగ్రాము మెమరీ ఫాల్ట్‌తో చావదు కదండీ. చిరునామా సున్నా అని ఉంది ఇక్కడ." తరవాత నా వైపు తిరిగింది. "మేడమ్, ఇది మీకు ముందే తెలుసా అండీ?"

చక్రధర్ నా వైపు చూడలేదు. తన స్లైడ్ వైపు చూస్తున్నాడు, జవాబు అందులో ఉన్నట్టు.

"తెలుసు," అన్నాను. "కనిపెట్టిన ఇంజనీరు ఇదే అంతస్తులో ఉన్నాడు. పిలిపిస్తాను."

నరేందర్ వచ్చాడు. తెర మీది లాగ్ చూశాడు, ఎవరి మొహమూ చూడలేదు. బోర్డు మీద రెండు పెట్టెలు గీసి, ఫాల్ట్ ఎక్కడ ఆగుతుందో, చిరునామా ఎక్కడ పోతుందో చెప్పాడు. బాగుచేయడానికి ఎంత కాలం పడుతుందని పద్మజ అడిగింది.

"ఇప్పుడే చెప్పలేను మేడమ్. కోడ్ చిన్నదే. గని పాత సర్వర్లకు ఈ చిరునామా ఏందో సమజ్ గాదు, వాటి మీదికి పోకుండ ఆపాలె. టెస్టులు రాయాలె. అప్పటిదాంక బిట్ బంద్ పెట్టుకోండ్రి. అది బంద్ ఉంటే మీకేం ఫికర్ లేదు."

ఆమె రాసుకుంది. "సరేనండి. బిట్ లేకుండానే మొదలుపెడతాం. మీరు పూర్తిచేశాక ఇదే పరీక్ష మా దగ్గర చేద్దాం." కాంట్రాక్టు పోతుందని చక్రధర్ వారాల తరబడి భయపెట్టిన వ్యవహారం ఇంత తేలిగ్గా తేలింది. నిజం చెబితే కస్టమర్ పారిపోతాడన్న భయం నాకు తెలిసినంతలో ఎప్పుడూ కస్టమర్లను చూసి పుట్టింది కాదు, పై గదుల్లో కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకుని పుట్టించుకున్నది.

బాగుచేయడానికి వానాకాలమంతా పట్టింది. చిరునామాకు కొత్త గది కట్టాం. దాన్ని అర్థం చేసుకోలేని సర్వర్‌కు తరలింపును తిరస్కరించేలా చేశాం. ఒక ఫాల్ట్‌ను అందిస్తుండగా ఇంకో ఫాల్ట్ వచ్చే సందర్భాల్లో మరికొన్ని లోపాలు బయటపడ్డాయి, వాటినీ సరిచేశాం. పద్మజ తన సర్వర్ల మీద అదే పరీక్ష చేసి, బాగుందని ఒక వాక్యంలో రాసింది.

రేటింగుల కాలం వచ్చింది. నరేందర్‌కు 'మెరుగుపడాలి' అని పడింది, కారణం 'బృంద స్ఫూర్తి లోపం'. దాని కింద నా సంతకం కావాలి. పెట్టనన్నాను. హెచ్ఆర్ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, ఎవరో ఒకరు ఆ గడిలో ఉండాల్సిందేనని, రేటింగులను పంచే బెల్ కర్వ్, ఆ వంపు గీత, అలా కోరుతుందని చెప్పింది. ఆ గడి అంత ముఖ్యమైతే నా పేరు రాసుకోమన్నాను. రిటైరయ్యేదాన్ని, నాకు ఖర్చేమీ లేదు. వైస్ ప్రెసిడెంటుకు రాశాను, ఈసారి బొమ్మ కాదు, మాట కావాలని కూడా రాశాను. చివరకు ఒక మెట్టు పెంచి 'అంచనాలకు తగినట్టు' అని మార్చారు. అంటే కంపెనీ అతని నుంచి ఆశించింది సరిగ్గా ఇదేనట. నరేందర్ ఆ ఉత్తరం చదివి, "ఇగ చాలు మేడమ్," అన్నాడు. ముక్తసరిగా రాజీనామా రాసిచ్చి పద్మజ వాళ్ళ కంపెనీలో చేరాడు. ఇప్పుడు మా సాఫ్ట్‌వేర్‌లో లోపాలు పట్టి మాకే పంపుతుంటాడని విన్నాను. అప్పట్లో ఆ పనికి మేమే అతనికి జీతం ఇచ్చేవాళ్ళం.

ఏడాది చివర జరిగిన సభలో కస్టమర్‌తో పారదర్శకంగా వ్యవహరించినందుకు ఒక బహుమతి ఇచ్చారు. ఇచ్చింది చక్రధర్‌కు. ఇది నా కల్పనలా ఉంటుందని తెలుసు. గాజు ఫలకం తీసుకుని, ఆ రోజు గదిలో 'కష్టమైన సంభాషణను ముందుండి నడిపించిన' సంగతి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి బిర్యానీ వరసలో నిలబడ్డాను.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది మనుషుల గురించి కాదు, వాళ్ళ గురించి అప్పటికే తెలుసు. ఒక కొత్త సదుపాయానికి సపోర్ట్ ఉందా లేదా అన్నది మధ్యలో ఆగినప్పుడు, తరలించినప్పుడు, వెనక్కి తిప్పినప్పుడు తేలుతుంది, సాఫీగా నడిచినప్పుడు తేలదు. ఆ నిర్ణయాన్ని ఎవరి మర్యాద మీదా, ఎవరి ధైర్యం మీదా వదిలేయకూడదు. నేను రిటైరయ్యే ముందు చేసిన చివరి మార్పు అదే. తరలింపు పరీక్షలన్నీ నెగ్గితే తప్ప ఆ జాబితాలో ఏ కొత్త బిట్టూ ఒకటి కాకుండా, బిల్డ్‌లను తయారుచేసే యంత్రంలోనే అడ్డు పెట్టాను. దాన్ని ఏ హోదావారూ చేత్తో తీయలేరు. చక్రధర్ ఆ అడ్డు తొలగించమని నన్ను రెండుసార్లు అడిగాడు. అది సరిగ్గా పనిచేస్తోందని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.