గెజ్ జారవిడిచిన రుమాలు

పారమట్టా ఫ్యాక్టరీ అంటే పేరుకే ఫ్యాక్టరీ, నిజానికది ఆడఖైదీల జైలు. అక్కడ బట్టలుతికే కెజయాకు ఆ ఉదయం లేచేసరికే ఒళ్లు హూనమైపోయి ఉంది. లండన్‌లో ఓడెక్కించి, సముద్రాలవతల ఈ ఖైదీల వలసలో దింపినప్పటినుంచీ తొట్టి ముందు వంగీ వంగీ, నడుం ఇక నిలబడనంటోంది. దానికి తోడు గుండెల్లో ఒకటే దిగులు. కూతురు పెగ్‌కి మూడేళ్లు నిండబోతున్నాయి. మూడు నిండిన బిడ్డను తల్లి దగ్గర ఉంచరు, అనాథల బడికి పంపేస్తారు. ఎవడైనా తనను పెళ్లాడి బిడ్డతో సహా తీసుకుపోతే తప్ప కెజయాకు వేరే దారి లేదు.

పెళ్లి కుదిరినదాన్ని జైలు నుంచి వదిలేస్తారు. ఆ పెళ్లిచూపులు సోమవారాల్లో. ఆడవాళ్లు వరుసగా నిలబడతారు. పెళ్లాం కావలసినవాడు అటూ ఇటూ నడిచి, నచ్చినదాని కాళ్ల దగ్గర రుమాలు జారవిడుస్తాడు. ఆమె తీసుకుంటే ఒప్పుకున్నట్టే. కెజయా ముందు కూడా ఒకటి రెండుసార్లు రుమాలు పడింది. "నాకో బిడ్డ ఉంది, తీసుకెళ్తావా?" అని అడగ్గానే ఆ మహానుభావులే వంగి తీసేసుకున్నారు. సిగ్గులేని జన్మలు!

ఆ సోమవారం వచ్చినవాడు గెజ్. శిక్ష తీరిపోయిన పాత ఖైదీ, ఎక్కడో కొండల్లో గొర్రెలు కాస్తాడు.

"ముక్కు మూసుకో అక్కా, గొర్రెల మందంతా ఒంటిమీదే ఉన్నట్టుంది," అని పక్కనున్న పడుచుపిల్ల డార్కస్ గొణిగింది.

పాపం, గెజ్ చూపంతా ఆ డార్కస్ మీదే. ఆమె ముందు ఆగి రుమాలు వదిలాడు.

నేలమీద గుడ్డ కనపడితే కెజయా చెయ్యి ఊరుకోదు. ఏం చేస్తున్నానో తెలిసేలోపే వంగి తీసింది, దులిపింది, మరక ఎక్కడుందా అని వెలుతురుకి పట్టి చూసింది.

వరుసంతా గొల్లుమంది. "ఓసి అక్కా, నా మొగుణ్ణి ఎత్తుకుపోయావే!" అంది డార్కస్.

"తీసినదే పెళ్లికూతురు. ఏమంటావయ్యా?" అని జైలు దొరసాని విసుక్కుంది.

గెజ్ తల గోక్కున్నాడు. "నేను ఆ పక్కమ్మాయికి వేశానండీ."

"తెలుసులేవయ్యా," అంది కెజయా. "మురికిగా ఉంటే తీశాను. దీన్ని ఉతికి ఎన్నాళ్లయింది?"

"నిన్ననే ఉతికానే!"

"దీన్ని ఉతకడమంటారా?"

గెజ్‌కు నవ్వొచ్చింది. కెజయాకు రాలేదు. విసిగిపోయిన ప్రాణం, ఏడుపే వచ్చేలా ఉంది.

"నాకో బిడ్డ ఉంది. దాన్ని వదిలి ఎక్కడికీ రాను. కాదంటే తొందరగా చెప్పెయ్యి, తొట్లో బట్టలు నానుతున్నాయి."

"బాగా ఏడుస్తుందా?"

అబద్ధం చెప్పడానికైనా కాస్త ఓపిక కావాలిగా. "రాత్రంతా ఏడుస్తుంది," అనేసింది.

"ఏడవనీ," అన్నాడు గెజ్. "మా గుడిసెలో మనిషి గొంతు విని ఏళ్లయింది. వెళ్లి తీసుకురా."

కెజయా అక్కడే కూలబడి, ఆ మురికి రుమాలే మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.