ఆవకాయ జాడీలకు చుట్టిన కథ

మొన్న ఎదురు వాటాలో అద్దెకుంటున్న కొత్త దంపతులు ఇల్లు ఖాళీ చేస్తూ, ఆ అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చి, "మామ్మగారూ, గాజు సామాను చుట్టడానికి పాత కాగితాలేమైనా ఉన్నాయాండీ? మీరు బాగా చదువుతారు కదా, గుట్టలుంటాయని మా ఆయన పంపించారు" అని అడిగింది. అందులో తప్పేమీ లేదు. వాళ్ళు వెళ్ళేది దూరాభారం కాదు, ఇదే బందరులో రెండు వీధుల అవతలికి. అంతమాత్రానికి కొత్త అట్టపెట్టెలు కొనడం దండగని పొదుపుగా సర్దుకుంటున్నారు, మెచ్చుకోవలసిందే. అయినా నా ఒళ్ళు భగ్గున మండింది. "మా ఇంట్లో పాత కాగితాలు లేవమ్మా, పుస్తకాలున్నాయి" అని తలుపు వేసేశాను. ఆ పిల్లకు చెప్పినా అర్థం కాదు. నా ఈడు వాళ్ళకైతే ఆ కోపం ఎక్కడిదో తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. తరువాతి చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. బీరువాల్లో ఎడమచేతివైపు పై అర నుంచి మొదలుపెట్టి, వైద్యమా వ్యవసాయమా గ్రహాల సంగతా అని చూడకుండా వరసగా చదువుకుంటూ వచ్చినదాన్ని, గొప్పలు పోతున్నాననుకున్నా సరే, డిగ్రీలున్నవాళ్ళ సందేహాలు ఎన్నో తీర్చినదాన్ని. అయితే గ్రంథాలయంలో పూర్తిగా దొరకనిది ఒకటుండేది, వారపత్రికల్లో వచ్చే సీరియల్. ఎవరో ఒకరు మధ్యలో పేజీ చింపుకుపోయేవారు. అందుకే మనమంతా వారం వారం ఆ నాలుగు పేజీలూ పిన్నులు ఊడదీసి దాచి, కథ ముగిశాక దబ్బనంతో బెజ్జాలు పొడిచి, దారంతో కుట్టి, మైదాపిండి జిగురుతో క్యాలెండరు అట్ట అంటించి బైండు చేసుకునేవాళ్ళం, గుర్తుందా? మా పక్క వాటాలో ఉండే దర్జీగారి భార్యను నేను వాళ్ళ పద్ధతిలో ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. ఆవిడ పత్రిక కొని బొమ్మలూ కుట్టుపనులూ చూసుకుని నాకు ఇచ్చేసేది. అలా ఏడాదికి పైగా పోగేసి కుట్టుకున్న కథ ఒకటి నాకుండేది. దివిసీమ లంకలో పడవ నడిపే ఇంటి పిల్ల కథ అది. రాసినావిడ పేరు అంతకుముందు వినలేదు, ఆ తరువాతా వినలేదు. అది పుస్తకంగా అచ్చు కాలేదు. లైబ్రేరియన్ గారి చేత గుడివాడకూ బెజవాడకూ రాయించి మరీ కనుక్కున్నాను.

ఆ కథను నేను మధ్యాహ్నాలు పైకి చదువుతుంటే ఆపా చొక్కాలకు కాజాలు కుట్టుకుంటూ, మా అత్తగారు వత్తులు చేసుకుంటూ వినేవారు. అత్తగారు కథలోని మేనమామను, ఆ పిల్ల పడవ కాజేయాలని చూసేవాణ్ణి, సొంత చుట్టాన్ని తిట్టినట్టు తిట్టేది. పత్రిక ఒక రోజు ఆలస్యమైతే నా మీద కసురుకునేది. "ఆ పిల్లని నడి ఏట్లో వదిలేసి వారమైంది, నీకేం పట్టినట్టు లేదే!" ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరువాత ఆవిడ చేసిన పనిని చదువు విలువ తెలియని పెద్దావిడ చేసిందని మీరు జాలిపడతారేమోనని. ఆవిడకు విలువ తెలుసు. ఆ పేజీల మీద ఎంత బెంగపడి విన్నదో నా కళ్ళారా చూశాను.

ఇంటివాళ్ళబ్బాయికి పెళ్ళి కుదిరి, మా వాటా కావాలన్నారు. ఆషాఢం రాకముందే మారాలి. రైలు స్టేషను అవతల వాటా దొరికింది, రిక్షాలో కాస్త దూరమే. లారీ మాటే ఎత్తే స్తోమతు లేదు. నేను గృహవిజ్ఞానం పుస్తకంలో చదివినట్టు ఏ గదిలోవి ఆ గదికి కట్టలు కట్టాను. కిరాణా కొట్టు నుంచి ఖాళీ అట్టపెట్టెలు, మా వారు పనిచేసే బియ్యం మిల్లు నుంచి గోతాలు తెప్పించాను. గిన్నెల మధ్య దుప్పట్లు, దిండుగలేబుల్లో గరిటెలు, బియ్యం డబ్బాలో గాజుగ్లాసులు. కాణీ ఖర్చు లేకుండా సగం ఇల్లు సర్దేశాను, ఆ పనికి ఈ రోజుకీ నన్ను నేను మెచ్చుకుంటాను. మిగిలినవల్లా జాడీలు. వేసవిలో పెట్టిన కొత్త ఆవకాయ, మాగాయ, ఏడాది తిండి. జాడీకీ జాడీకీ మధ్య మెత్త లేకపోతే బండిలో ఒకదానికొకటి కొట్టుకుని పగులుతాయి.

నేను వరిగడ్డి తెప్పిద్దామన్నాను. శవం కింద పరిచేది గడ్డేనని అత్తగారు రెండు చెవులూ మూసుకుంది. "గడ్డి ఎప్పుడు పరుస్తారో తెలీదూ? శుభమా అని పాలు పొంగించుకోబోతూ గడ్డి మాటేమిటే!" సరేనని ఆపా తన మిషను కింది గుడ్డపీలికలు గోతాం నిండా కట్టి ఇచ్చింది. అవీ వద్దంది, ఎవరెవరు కట్టి విడిచిన బట్టలోనని. అవి కొత్త గుడ్డల ముక్కలని ఆపా మొహం చిన్నబుచ్చుకుని చెప్పినా వినలేదు. ఇక పేపర్లంటారా, మేము కొనేవాళ్ళం కాదు. నేను గ్రంథాలయంలోనే చదివేసేదాన్ని. నా పాత చీరలు రెండు తీసి ఆవిడ ముందు పెట్టి, వీటితో చుట్టండని చెప్పి, మర్నాడు పొద్దున్నే చీపురు, బకెట్టు పట్టుకుని కొత్తింటికి వెళ్ళిపోయాను. గడప కడిగి, ముగ్గు పెట్టి, స్టవ్వు సిద్ధం చేయడం కోడలి పని.

ముహూర్తానికి కాస్త ముందు అత్తగారు దేవుడి పటం ఒళ్ళో పెట్టుకుని, జాడీల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని రిక్షాలో దిగింది. గంప దించబోతే చేతికి నూనె తగిలింది. మూతికి కట్టిన వాసెన గుడ్డ వదులై ఒక జాడీ ఒలికింది. లోపలికి చెయ్యి పెట్టి తీస్తే వచ్చింది, నేను కుట్టిన దారంతో సహా, నా కథ. నాలుగేసి పేజీలు చించి, ఉండలు చుట్టి, జాడీల మధ్య కుక్కారు. ఎర్రగా నూనె తాగి, అక్షరాల మీద ఆవపిండి.

నేను నోరు తెరిచాను. అత్తగారు వేలు పెదవుల మీద పెట్టింది. పాలు పొంగేదాకా కొత్తింట్లో గొంతు పెంచకూడదు, కంట తడి పెట్టకూడదు. మా ఇళ్ళల్లో అది పెద్ద పట్టింపు. ఆ స్టవ్వు వత్తులు కాలిపోయి సన్నగా మండుతోంది. పాలు అంచుకు రావు. ఆ నూనె పేజీలు కొంగులో పట్టుకుని, ఎదురుగా నవ్వుమొహంతో నిలబడి, ఆ గిన్నెకేసి చూస్తూ ఉన్నాను. అంతటి కోపాన్ని అంతసేపు కడుపులో పెట్టుకుని నవ్వమన్నవాళ్ళను నేను ఎన్నటికీ క్షమించను. పాలు పొంగాయి. అప్పుడు అడిగాను.

"చీరలిచ్చాను కదా అత్తయ్యగారూ!"

"చీరలకి నూనె మరకలైతే పోతాయా? అయిపోయిన కథేగా! ఆ పిల్ల పడవ ఆ పిల్లకొచ్చింది, పెళ్ళి కూడా అయింది. ఇంకా ఎన్నాళ్ళు మోస్తావే?"

నేను గొంతెత్తేసరికి, పాలు పొంగిన ఇంట్లో అప్పుడే గొడవా అంది. అంటే, పొంగకముందు అరవకూడదు, పొంగాక కూడా అరవకూడదు. అటక మీంచి బైండు దింపి ఇచ్చింది మా వారేనని అప్పుడే తెలిసింది. "అమ్మ అడిగింది, ఇచ్చాను" అన్నారు, మంచినీళ్ళ గ్లాసు అందించినంత తేలిగ్గా. ఇంతలో చుట్టాలు భోజనాలకు వచ్చారు. తరువాత ఎప్పుడు ఎత్తబోయినా, అదెప్పటి మాట, ఇప్పుడెందుకన్నారు. నా కోపానికి ఆ ఇంట్లో ఒక పూటైనా చోటివ్వలేదు.

నూనెను పిండి పీలుస్తుందని ఏదో పుస్తకంలో చదివి, దొరికిన పేజీలన్నీ చాప మీద పరిచి బియ్యప్పిండి అద్దాను. అత్తగారు గుమ్మంలో నిలబడి, "కాగితాలకి నలుగు పెడుతున్నావా? తలంటు కూడా పోస్తావా?" అని అందరినీ నవ్వించింది. నూనె పోలేదు. చీమలు పట్టాయి. చివరికి చదవడానికి వీలైనవి గుప్పెడు పేజీలు, అవి కూడా ఒకదాని వెనుక ఒకటి రానివి.

చాలా ఏళ్ళకు, ఆవిడ మంచాన పడ్డాక, ఒక మధ్యాహ్నం నేను జావ పడుతుంటే ఉన్నట్టుండి అడిగింది. "ఆ పిల్ల మేనమామ మొహాన తెడ్డు విసిరేస్తూ ఏదో అందే, భలే మాట. ఏమిటే అది?"

"జాడీని అడగండి" అన్నాను.

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. అనకుండా ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపించదు. అసలు నాకు అంత మంట ఎందుకొచ్చిందంటే, ఆ మాట నాకూ గుర్తు రాలేదు. ముగ్గురం నవ్వి, ఆపా నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్న మాట. ఇప్పుడు ఆపా లేదు, అత్తగారు లేదు. ఆ పత్రిక మూతబడింది. బస్టాండు దగ్గర కొట్టులో వారపత్రికలు క్లిప్పులకు వేలాడే తాడుకు ఈ రోజున చిప్స్ పొట్లాలు వేలాడుతున్నాయి. మా మనవరాలు ఫోనులో ఎంత వెతికినా ఆ కథ పేరైనా రాలేదు. ప్రపంచంలో ఉన్నదంతా అందులో ఉందంటారు, నా కథ మాత్రం లేదు.

నా ఈడు వాళ్ళు ఇంకా ఉన్నారు కదా, మీలో ఎవరో ఒకరు కుట్టుకునే ఉంటారు. ఏ అటక మీదో, ఏ ట్రంకు పెట్టె అడుగునో ఆ పడవ పిల్ల ఉంటే, నా కోసం కాదు గానీ, ఒక మధ్యాహ్నం బయటికి తీయండి. మనసులో చదువుకోకండి. ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవండి.