అన్న పేరున పోయిన నా పనితనం

మొన్న ఆదివారం పొద్దున పక్కవాటా ఆయన తన కారు తలుపు మీద పడ్డ గీతను ఏదో ట్యూబులోని ముద్దతో రుద్దుతుంటే, ఆ వాసన మా వరండా దాకా వచ్చి, పేపరు చదువుకుంటున్న నన్ను అరవై ఏళ్ళకు పైగా వెనక్కి, నరసరావుపేటలోని మా పుట్టింటి పంచలోకి ఈడ్చుకుపోయింది. మా ఇంట్లో వాళ్ళకు చెబితే నవ్వుతారు, నా వయసు వాళ్ళయితే నమ్ముతారని చెబుతున్నాను: పదహారేళ్ళప్పుడు నేను మోటారు కార్లకు రంగు వేసేదాన్ని.

మా నాన్నది వడ్రంగం. గుర్రపుబళ్ళు చేసి, వాటికి నిగనిగలాడే రంగు వేయడంలో పేరున్న మనిషి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి కొత్త కార్లు రావడం ఆగిపోయేసరికి, ఉన్నవాళ్ళు పాతవాటికే మెరుగులు దిద్దించుకోవడం మొదలుపెట్టారు. తలుపులూ మడ్‌గార్డులూ ఊడదీసి, బొంతల్లో చుట్టి, ఒంటెద్దు బండి మీద మా ఇంటికి పంపేవారు. పాత రంగు గీకి, సొట్టల్లో లప్పం పెట్టి, అది ఆరాక గరుకు కాగితంతో నీళ్ళు పోస్తూ రుద్ది, పూత మీద పూత వేసి, చివరికి మెత్తటి రాతిపొడిని గుడ్డలో జల్లించి, నూనెలో తడిపి మెరుగు పెట్టాలి. బావులు అడుగంటే వేసవి రోజుల్లో ఆ నీళ్ళ దగ్గరే మా అమ్మకు ఒళ్ళు మండేది. "తాగను నీళ్ళు లేక చస్తుంటే ఇనప తలుపులకి తానాలేందయ్యా!" అని అరిచేది. పొయ్యి పొగ తగిలితే పూత పాడవుతుందని, రంగు వేసిన పూట మాకు వంట కూడా ఉండేది కాదు; చద్దన్నంతోనే సరిపెట్టుకునేవాళ్ళం.

మా అన్నకు ఈ పనిలో ఓపిక లేదు. నేను కళ్ళు మూసుకుని చెయ్యి వేస్తే ఆవగింజంత గరుకైనా తెలిసేది. నాన్నకు కంట్లో పొర కమ్మడం మొదలయ్యాక, ఆయన పక్కన కూర్చుని చెప్పడం, నేను చేయడం అలవాటైపోయింది. "నీ వేళ్ళకి కళ్ళున్నాయే అమ్మాయ్" అనేవాడు. ఆ మాట కోసం తోలు ఊడేదాకా రుద్దేదాన్ని.

ఒక వేసవిలో ఊళ్ళో ప్లీడరుగారి కారు తలుపులు వచ్చాయి. అన్న అప్పుడు మాచర్లలో స్నేహితుల దగ్గర ఉన్నాడు. నాలుగు తలుపులూ, ముదురాకుపచ్చ రంగు, నేనొక్కదాన్నే పూర్తి చేశాను. వాటిని తీసుకుపోవడానికి వచ్చిన ప్లీడరుగారి వెంట గుంటూరులో మోటారు షెడ్డు నడిపే షావుకారు కూడా వచ్చాడు. ఆయన తలుపులో తన మొహం చూసుకుని, మీసం సవరించుకుని, "ఎవరి పనితనం ఆచారీ ఇది?" అని అడిగాడు. గుమ్మం వెనక నేను, పచ్చరంగు అంటిన చేతులతో. పంచలో మా అన్న, ముందురోజే మాచర్ల నుంచి దిగినవాడు.

"మా అబ్బాయిది బాబూ" అన్నాడు నాన్న.

అన్న తల వంచుకున్నాడు గానీ కాదనలేదు. వారం తిరక్కుండా గుంటూరు షెడ్డులో చేరాడు. అన్నను రైలెక్కించి వచ్చాక నాన్న నాతో, "ఆడపిల్ల చేసిందంటే మెచ్చుకుంటారు గానీ పని ఇయ్యరమ్మా. వాడన్నా నిలబడతాడు" అన్నాడు. నేను సరేనన్నాను. అన్నానే గానీ, మళ్ళీ ఆయన పక్కన కూర్చుని రంగు ముట్టుకోలేదు.

ఆ ఏడే నన్ను గురజాలలో, నాగళ్ళు చెక్కే ఇంట్లో ఇచ్చారు. ఆరునెలలకు నాన్న రైల్లో వచ్చాడు. అన్న వేసిన రంగు పొక్కులు లేస్తోందట. షావుకారు ఆఖరిసారిగా ఒక కారు అప్పగించి, ప్లీడరు కారు మాదిరి చేస్తే సరేసరి, లేకపోతే పొమ్మన్నాడట. తలుపులు మనింటికే తెప్పించాననీ, పదిరోజులు వచ్చి పొమ్మనీ నాన్న అడిగాడు. మా అత్తగారితో మాత్రం అమ్మకు జ్వరమని చెప్పాడు. ఆవిడ వెంటనే, "అట్టాగే తీసకపో అన్నయ్యా, తల్లి కంటే ఎక్కువేంది" అంది.

పెరట్లోకి పిలిచి అడిగాను. "ఈసారన్నా పని ఎవరిదని చెబుతావు నాన్నా?"

"వాడిదనే చెప్పాల గదమ్మా" అన్నాడు నాన్న.

"అయితే నేను రాను."

ఆయన బతిమాలలేదు. మజ్జిగ తాగి, "జొరం తగ్గుద్దిలే చెల్లెమ్మా, అమ్మాయి ఇప్పుడెందుకు" అని మా అత్తగారితో చెప్పి, కర్ర తీసుకుని బయలుదేరాడు. దారిలో గుంట ఉందేమోనని అనుమానం వచ్చిన చోటల్లా ఆగి, పాదంతో తడుముకుని అడుగు వేయడం గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను.

అన్నను షెడ్డులోంచి తీసేశారు. తర్వాత బస్సుల్లో టిక్కెట్లు కొట్టుకుంటూ బతికాడు. చనిపోయేదాకా నా గడప తొక్కలేదు. నాన్న మళ్ళీ రంగు డబ్బా తెరవలేదు, రెండేళ్ళకు చూపు పూర్తిగా పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ తిరిగి అనేదాన్ని. అనవలసినవన్నీ నాలోనే పులిసిపోయాయి.

ఇప్పుడు మా మనవరాళ్ళు ఏం చేసినా ‘ఇది నేను చేశాను’ అని పదిమందిలో చెప్పుకుంటారు, పక్కన వాళ్ళ నాన్నలు మురిసిపోతారు. చూసి సంతోషిస్తాను, కాస్త కుళ్ళుకుంటాను కూడా. ఈ వయసులో దాచుకునేదేముంది. నేను అడిగింది న్యాయమేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. రానన్నందుకు నాకు విచారం లేదు. కానీ చూపు ఆనని మనిషిని మిట్టమధ్యాహ్నం ఒక్కణ్ణే పంపాను. చెయ్యి పట్టుకుని స్టేషను దాకా నడిపించి రావడానికి ఆ రోజు నాకేం అడ్డమొచ్చిందో, ఇన్నేళ్ళయినా తెలియడం లేదు.