ఉప్పాడ తీరాన రాళ్ల పందెం

మా చెల్లెలి భర్త రాళ్ల పందెంలో జిల్లాకంతటికీ మేటి. తడి ఇసుక మీద పలకరాయిని జార్చి, దూరాన పాతిన గుంజకు అందరికంటె దగ్గరగా నిలపడమే ఆ ఆట. పెళ్లయిన నాటినుండి అతడు ఓడి ఎరుగడు.

ఆ ఏడు ఉప్పాడ తీరాన జరిగిన పందేనికి నన్ను మధ్యవర్తిగా నిలబెట్టారు. బడిపంతులు బంధుత్వం చూడడని అందరి నమ్మకం. చివరి రాయి అతనిది. అది నెమ్మదిగా జారిపోయి గుంజను తాకి ఆగింది. కాలువ పడవల మీద వచ్చిన జనమంతా కేకలు వేశారు. అయితే రాయి చేతిని వదలకముందే అతని కాలు గీత దాటడం నేను చూశాను. నోరు తెరిచేలోగా అల వచ్చి గీతనూ అడుగుజాడనూ తుడిచివేసింది.

"ఈ రాయి చెల్లదు. కాలు గీత దాటింది," అన్నాను.

"ఆనవాలేదండీ పంతులుగారూ? సముద్రాన్ని సాక్ష్యానికి పిలుస్తారా ఏంటి?" అంటూ అతని జట్టువాడొకడు నా మీదికి వచ్చాడు. జనం చుట్టూ మూగారు. నేను మాట మార్చలేదు. అందరి చూపూ మా బావ వైపు తిరిగింది.

అతడు వంగి తన రాయిని తీసి, ఇసుక దులిపి చంకన పెట్టుకున్నాడు.

"దాటిందిలెండి. ఇంటికెళ్లాక ఈ సంగతి మీ చెల్లెలికి మీరే చెప్పండి, బావగారూ. నాకంత ధైర్యం లేదు," అన్నాడు.